డీజిల్ తాగిన దసరా

నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే భయం వేస్తుంది. నర్సు ఉద్యోగానికి ఇది పనికిరాని గుణమని గూడూరులో మా అమ్మ బతికున్నన్నాళ్లూ అంటూనే ఉండేది. ఆ ఏడు దసరా వెళ్లిన తర్వాత మాత్రం కోపం, భయం రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ రెండింటికంటే ఎక్కువగా నోరు వెళ్లబెట్టి నిలబడాల్సి వచ్చింది. ఇంత వయసు వచ్చాక కూడా తలుచుకుంటే, ఇది నిజంగా జరిగిందా, నేనేమైనా కల కన్నానా అనిపిస్తుంది.

అప్పుడు నేను మానుకోటలో ఒక చిన్న కాన్పుల దవాఖానలో పనిచేసేదాన్ని. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాస్తారు గానీ మా నోటికి అది మానుకోటే. తెలంగాణ కోసం ఆఫీసులు, బడులు, బస్సులు, బొగ్గుబాయిలు అన్నీ సమ్మెకు దిగిన రోజులు. మా ఆయన భూపాలపల్లిలో బాయి కార్మికుడు. బాయి దిగడం మానేసి, మిగతావాళ్లతో కలిసి టెంటు కింద కూర్చున్నాడు. నాకూ గర్వంగానే ఉండేది. పొద్దున డ్యూటీకి పోతూ చౌరస్తాలో దీక్ష దగ్గర ఆగి, నేనూ రెండు నినాదాలు ఇచ్చి పోయేదాన్ని.

కానీ బొగ్గు రాకపోతే కరెంటు ఎక్కడిది? చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీ చిమ్నీలు మాకేమన్నా చుట్టాలా, ఊరికే మండడానికి! కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. పోయిందంటే గంటల తరబడి పోయేది. సరిగ్గా అప్పుడే మా దవాఖానలో నెలలు నిండకుండా ఒక ఆడపిల్ల పుట్టింది.

తండా నుంచి వచ్చిన అమ్మాయి కాన్పు అది. ఫిట్స్ వచ్చిన తల్లిని ట్రాక్టర్‌లో పడుకోబెట్టి తెచ్చారు. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి పిల్లను తీసింది. తల్లి కళ్లు తెరవలేదు. పిల్ల నా అరచేతిలో పట్టేటంత ఉంది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. అలాంటి పిల్లకు పాలకంటే ముందు వెచ్చదనం కావాలి. మా దగ్గర వార్మర్ ఉంది, పైనుంచి వేడి కొట్టే చిన్న మంచం లాంటిది. వరంగల్ పంపుదామంటే, ఆ గుంతల రోడ్డు మీద జీపు కుదుపులకే ప్రాణం పోతుందని డాక్టరమ్మ ఒప్పుకోలేదు. అంటే ఆ పిల్ల బతకాలంటే వార్మర్ నడవాలి, వార్మర్ నడవాలంటే జనరేటర్ నడవాలి. ఊళ్లో బంకులన్నీ "స్టాకు లేదు" అని అట్టముక్కలు వేలాడదీసుకున్నాయి. మాకోసం ఒక డ్రమ్ము డీజిల్ తొర్రూరు నుంచి బయల్దేరాల్సి ఉంది. అది వచ్చేదాకా ఉన్నదానితోనే నెట్టుకురావాలి.

ఇక మా జనరేటర్ సంగతి. డాక్టరమ్మ అత్తగారు, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, జనగామలో మూతపడిన ఒక ఫంక్షన్ హాలు నుంచి దాన్ని కొనిపించింది. వాళ్లది పెద్ద వ్యాపారస్తుల ఇల్లు, ఏది కొన్నా నలుగురూ తలెత్తి చూడాలి. పెళ్లి పందిళ్లు వెలిగించిన మెషీన్‌ను తెచ్చి మా నాలుగు బల్బులకు, ఆరు ఫ్యాన్లకు కట్టారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ! అయినా దసరా ముందు వరకు అది కాస్త మర్యాదగానే నడిచింది. పండగ వెళ్లాక దానికి ఏ దయ్యం పట్టిందో తెలియదు, పోసిన డీజిల్ పోసినట్టే మింగడం మొదలుపెట్టింది.

జనరేటర్ చూసుకునే అతను ఒక పొద్దున ఖాళీ క్యాను పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"సిస్టరమ్మా, గిదేంది? రాత్రి నిండ పోసిన. గిప్పుడు సూస్తే అడుగంటింది. గిట్లయితే ఎల్లుండి దాంక గూడ రాదు!"

వార్మర్ వైపు చూశాను. పిల్ల పిడికిలి బిగించి పడుకుని ఉంది. "కారుతున్నదేమో సరిగ్గ సూసినవా?" అని అరిచాను. ట్యాంకు కింద చెయ్యి పెట్టి చూశాడట, చుక్క లేదట.

డాక్టరమ్మ వెంటనే ఆర్డరేసింది. వార్మర్ తప్ప అన్నీ బంద్. ఫ్యాన్లు బంద్, లైట్లు బంద్, నీళ్ల మోటరు బంద్. బాలింతలు ఉక్కపోతకు చెమటతో తడిసి, కొంగులతో విసురుకుంటూ నన్ను తిట్టిపోశారు. "పిల్ల పానం కోసం జర ఓర్సుకోర్రి అక్కా" అని ఒక్కొక్కరి మంచం దగ్గరా బతిమాలుకున్నాను. చివరికి వాళ్లే పాపం, "పోనీ తియ్, మేం సస్తమా ఏంది" అని ఊరుకున్నారు.

డాక్టరమ్మ చదువుకున్న మనిషి, ఊరికే నమ్మదు. ఒక వెదురు పుల్ల తెప్పించి, దాన్ని జనరేటర్ అతనితో ట్యాంకులో ముంచించి తన దగ్గరికి తెప్పించుకుని, తడి ఎక్కడిదాకా వచ్చిందో గీత పెట్టించింది. అన్నీ ఆపినప్పుడు ఎంత దిగింది, అన్నీ వేసినప్పుడు ఎంత దిగింది అని పక్కపక్కన పెట్టి చూసింది. నేను ఆవిడ భుజం మీదుగా తొంగి చూశాను. రెండు గీతలూ దాదాపు ఒక్కచోటే ఉన్నాయి!

"అంటే మేడం, గింతసేపు బాలింతల్ని ఉడకబెట్టింది ఉత్తగనేనా?"

"ఉత్తగనే" అంది డాక్టరమ్మ, ముఖం పాలిపోయి. "తొర్రూరు బస్సు ఒక్క మనిషితో పోయినా డీజిల్ తాగుతది, నిండ పోయినా తాగుతది. ఇంత పెద్ద మెషీన్ ఒక్క వార్మర్ కోసం తిరుగుతాంది."

పొదుపు చేస్తున్నామని మురిసిపోయినదంతా వట్టిదే! అయినా అది ఒక్కటే కారణం కాదు. మెషీన్ పండగకు ముందూ పెద్దదే కదా, అప్పుడు ఇంత తాగలేదే!

పెద్దమ్మ మాత్రం కారణం ఎప్పుడో తేల్చేసింది. దవాఖాన వెనకాలే వాళ్ల ఇల్లు. ఆవిడ మడి మనిషి. కాన్పుల దవాఖాన అంటే ఏడాది పొడుగూ పురిటి మైలే కాబట్టి, అది కట్టించిన దగ్గర్నుంచి ఒక్కనాడూ వార్డు గడప తొక్కలేదు. ఏం చెప్పాలన్నా పెరటి తలుపు దగ్గర నిలబడి గొంతెత్తి చెప్పేది. ఆ రోజు కూడా అక్కడి నుంచే కేకేసింది.

"మెషీన్ తాగుతదా? మనిషి తాగుతడు! క్యాన్లకు క్యాన్లు అమ్ముకుంటున్నడు వాడు. నా కండ్లు పోయినయనుకున్నడు!"

జనరేటర్ అతను అక్కడే కూలబడ్డాడు. "సమ్మక్క సారక్కల మీద ఒట్టు పెద్దమ్మా, నేను చుక్క ముట్టలే. నా బిడ్డల తోడు" అంటూ మట్టి తీసి నెత్తి మీద పోసుకున్నాడు. అంత పెద్ద మగమనిషి అట్లా ఏడవడం నేను చూడలేకపోయాను. నా కోపం నషాళానికి అంటింది. దొంగ వాడో, మెషీనో నేనే తేలుస్తానని జనరేటర్ షెడ్డు వైపు నడిచాను. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఆ షెడ్డులోకి పోవడం అదే మొదలు.

తలుపు తీయగానే వేడి, పొగ ముఖాన కొట్టాయి. లోపల కిటికీకి చాప కట్టి ఉంది. పూజ చేసిన చోటు మీద మైలవాళ్ల చూపు పడకూడదని పెద్దమ్మ కట్టించిందట. ఎదురుగా మెషీన్ పెళ్లికూతురిలా ఉంది. ఒళ్లంతా పసుపు, కుంకుమ బొట్లు, బంతిపూల దండలు, నిమ్మకాయలు. నడుమ నుంచి ముందు భాగమంతా కప్పుతూ ఎర్రటి పట్టు చీర ముక్కను రెండు మడతలుగా చుట్టి, ముడి మీద ముడి వేసి కట్టారు. ఆయుధపూజ నాడు అమ్మవారికి కట్టినట్టే మెషీన్‌కూ కట్టారన్నమాట. ఎంత శ్రద్ధగా కట్టారంటే, నాకు ఒక్క క్షణం దండం పెట్టాలనిపించింది.

అప్పుడు చూశాను. మెషీన్ పక్కన గుండ్రటి రేకు డబ్బా ఒకటి ఉంది. ఆ డబ్బా మీద పట్టుగుడ్డ లోపలికి పీక్కుపోతోంది. పీక్కుపోయి, కొట్టుకుని, మళ్లీ పీక్కుపోతోంది. మెషీన్ మోతలో ఒక గురక ఉంది. నేను ఇంజన్లు చదువుకున్నదాన్ని కాదు. కానీ ఊపిరాడని పిల్లలకు డొక్కలు ఎట్లా ఎగురుతాయో, పక్కటెముకల కింద చర్మం ఎట్లా లోపలికి పోతుందో నాకు తెలుసు. అచ్చం అట్లాగే ఉంది.

"అన్నా! గా డబ్బా ఏంది?" అని అరిచాను.

"గాలి గుంజేది అక్కా, ఎయిర్ ఫిల్టరు."

"దాని మూతికి గుడ్డ కట్టిండ్రు గదా! గాలి ఎట్ల గుంజుతది?"

అతను నన్ను చూశాడు, గుడ్డను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. "పెద్దమ్మ కట్టింది గదక్కా. దసరాకు కట్టిన గుడ్డ దీపావళి లక్ష్మీపూజ దాంక ఇప్పద్దంట. ముట్టద్దన్నది. నేను ముట్టలే."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గాలి లేక డీజిల్ సరిగా మండడం లేదు. సగం మండి, సగం నల్లటి పొగై గొట్టంలోంచి పోతోంది. కిటికీకి చాప ఉండేసరికి ఆ వేడిగాలినే తిప్పి తిప్పి మళ్లీ పీలుస్తోంది. పండగ తర్వాత గోడంతా మసి పట్టడం మేమందరం చూశాం. కల్తీ డీజిల్ అని బంకువాణ్ని తిట్టాం, ఒక నిర్దోషిని దొంగను చేశాం. అక్కడ పసిపిల్ల ప్రాణం బొట్టు బొట్టుగా ఈ గుడ్డలోంచి కారిపోతూ ఉంటే, ఇక్కడ దానికి బంతిపూలు!

పెద్దమ్మ అప్పటికే పెరటి తలుపు దాకా వచ్చింది. నేను చెప్పాను. నిదానంగానే చెప్పానని ఇప్పటికీ అనుకుంటాను.

"పెద్దమ్మా, ఆ గుడ్డ ఇప్పాలె. మెషీన్‌కు ఊపిరాడుతలేదు."

"దేనికీ, ఇనుముకా ఊపిరి?" అంది ఆవిడ. "మా అత్త కట్టింది, నేను కట్టిన. మా గల్లాపెట్టెకు కట్టినం, కాంటాకు కట్టినం. ఏ దానికి ఊపిరాడలే? నువ్వు చర్చికి పోయేదానివి, నీకేం ఎరుక. ముట్టినవంటే మంచిగుండదు."

"అత్తమ్మా, ఒక్కసారి ఇప్పి సూద్దాం" అని డాక్టరమ్మ మెల్లగా అంది. ఎన్ని కడుపులు కోసిన చెయ్యో ఆవిడది, అత్త ముందు మాత్రం కొంగు నలుపుకుంటూ నిలబడేది.

"దీపావళి దాంక ఇప్పేది లేదు" అంది పెద్దమ్మ.

దీపావళి! ఆ పిల్లకు రేపు అనేది ఉందో లేదో తెలియదు, ఈవిడ దీపావళి అంటోంది. ఇక నా వల్ల కాలేదు. లోపలికి పోయి, రెండు చేతులతో గుడ్డను పట్టి ఒక్క గుంజు గుంజాను. చీర ముక్క పర్రుమని చిరిగింది. దండలు తెగి కింద పడ్డాయి. మెషీన్ ఒక్కసారి దగ్గినట్టు అదిరి, గొంతు మార్చుకుంది. గురక పోయి గుండ్రటి మోత వచ్చింది. గొట్టంలోంచి నల్లపొగ పలచబడి, చూస్తూ ఉండగానే కనిపించకుండా పోయింది. జనరేటర్ అతను ఆ గొట్టం కేసి చూస్తూ, "యేసయ్యో, సమ్మక్కో!" అని ఇద్దర్నీ కలిపి పిలిచాడు.

పెద్దమ్మ నావైపు ఒక్క చూపు చూసి, తలుపు వేసుకుని లోపలికి పోయింది. నా ఉద్యోగం ఊడిందని డాక్టరమ్మ ముఖం చూస్తేనే తెలిసింది. "పిల్ల దక్కినంక ఎల్లగొట్టుర్రి మేడం, అప్పటిదాంక ఉండనియ్యిర్రి" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

ఆ తర్వాత డాక్టరమ్మ లెక్క మార్చేసింది. మెషీన్ తిరిగితే నిండుగా తిరగాలి, లేకపోతే ఆగాలి. వేసినప్పుడు నీళ్ల మోటరు, కత్తెరలు ఉడకబెట్టే డబ్బా, ఫ్యాన్లు, వార్మర్ అన్నీ ఒక్కసారే. పనులన్నీ కాగానే బంద్. చాప పీకేసి కిటికీ తెరిపించింది. ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపిస్తే, పసుపు, కుంకుమ దోసిళ్ల కొద్దీ వచ్చింది. ఇక వెదురు పుల్ల మీద తడి దిగడమే తగ్గింది. బాలింతలకు గాలి వచ్చింది, ట్యాంకులో డీజిల్ మిగిలింది. అంతకుముందు చెమటలు కక్కుతూ మేం మిగిల్చినది గుండుసున్నా.

మెషీన్ ఆగిన వేళల్లో పిల్లను ఎవరైనా తమ ఒంటికి ఆనించుకుని, వాళ్ల ఒంటి వేడిలోనే ఉంచాలని డాక్టరమ్మ చెప్పింది. తల్లికి ఇంకా స్పృహ లేదు. పిల్ల అమ్మమ్మకు ఒకటే దగ్గు. ఆయాలు బందు వల్ల రాలేదు. నేనే పిల్లను నా గుండెకు ఆనించుకుని, పైనుంచి చీర చుట్టుకున్నాను.

అట్లా కూర్చుని ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు. భలే ఊపు మీద ఉన్నాడు. "ఎట్లున్నది దెబ్బ! హైదరాబాద్‌ల గూడ కరెంటు బందయింది!" అన్నాడు. నా చీరలో పిల్ల కదిలింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "మాకు సుత బందయింది. ఈడ ఒక పిల్ల నా ఒంటి మీద బతుకుతాంది" అన్నాను. "సమ్మె ఆపుమంటవా?" అని అడిగాడు ఆయన. నేను అనలేను. ఆపొద్దు అని కూడా ఆ క్షణాన అనలేకపోయాను. "డీజిల్ కోసం పదిమందికి చెప్పు" అని పెట్టేశాను.

తొర్రూరు డ్రమ్ము ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం మెషీన్ దానంతటదే గొణిగి, ఆగిపోయింది. ఎంత పొదుపు చేసినా చివరి చుక్క చివరి చుక్కే కదా! అది చాలదన్నట్టు, గోరుచుట్టు మీద రోకటి పోటులా, నొప్పులు పడుతున్న మనిషిని ఆటోలో తెచ్చారు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. డాక్టరమ్మకు నా రెండు చేతులూ కావాలి. పిల్లను దూదిలో చుట్టి, వేడినీళ్ల సీసాలు పక్కన పెట్టి, అమ్మమ్మను దూరంగా కూర్చోబెట్టి పరిగెత్తాను. సీసాలు ఎంతసేపు వేడిగా ఉంటాయో నాకు తెలుసు. కాన్పు గదిలో పని చేస్తున్నానే గానీ నా ప్రాణమంతా బయటే ఉంది.

అక్కడ బిడ్డ బయటపడి కేరుమనగానే చేతులు కడుక్కుని ఉరికాను. మంచం ఖాళీ. సీసాలు ఉన్నాయి, దూది ఉంది. పిల్ల లేదు.

పోయిందేమో, తండాకు తీసుకుపోతున్నారేమో! "అమ్మమ్మా!" అని అరుస్తూ ఆడికీ ఈడికీ తిరిగాను. ఆమె పెరటి తలుపు దగ్గర, గడపకు ఇవతల నేల మీద కూర్చుని ఉంది.

"పిల్లేదీ?"

ఆమె చెయ్యి లేపి లోపలికి చూపించింది. "గా అవ్వ ఒచ్చింది. మంచం కాడికే ఒచ్చింది. తీస్కపోయింది" అంది.

ఎవరు? పెద్దమ్మా? వార్డులోకా? నమ్మబుద్ధి కాలేదు. ఆ ఇంట్లోకి నేను ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఆ రోజు చెప్పులతోనే పోయాను. లోపలి అరుగు మీద పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రవిక గుండీలు విప్పి, పిల్లను ముడతల రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టుకుని, మడి పట్టుచీర కొంగుతో మెడ దాకా కప్పింది. నేను నోరు తెరిచి అట్లాగే నిలబడిపోయాను. తర్వాత గబగబా పోయి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చటి ఊపిరి తగిలింది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. నేను అక్కడే కూర్చుండిపోయాను.

గడప అవతల నుంచి అమ్మమ్మ దండం పెడుతూ అంది. "అవ్వా, మేం తండోళ్లం. పురిటి పిల్ల అది."

"నేను అడిగిన్నా?" అని కసిరింది పెద్దమ్మ. తర్వాత నావైపు చూడకుండా అంది. "గా గుడ్డ కట్టకపోతే డీజిల్ ఇయ్యాల గూడ ఉంటుండె. నేను తాగించిన దానికి. పాపం వాణ్ని దొంగ అంటిని."

అప్పుడే జనరేటర్ అతను ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చాడు. ఇన్నాళ్లుగా ఆవిడ ఎదుటికి రావడానికే భయపడుతున్నవాడు, ఆ సంతోషంలో గడప దాటి లోపలికే వచ్చేశాడు.

"పెద్దమ్మా, డ్రమ్ము ఒచ్చింది! దీక్ష కాడి పోరగాండ్లే నూక్కుంట తెచ్చిండ్రు. మెషీన్ చాలూ జేస్తున్న. వార్మర్ల పెడతదంట, డాక్టరమ్మ పిల్లను తెమ్మన్నది."

పెద్దమ్మ రెండు చేతులూ పిల్ల చుట్టూ బిగించింది.

"ఇయ్య. ఇప్పుడే పండుకున్నది. పిల్లకు నేనున్న గదా, డీజిల్ దాపెట్టుర్రి బిడ్డా."

అతను పోయి డ్రమ్ము మూత మళ్లీ బిగించాడు.